కాలిన రాతి చప్పుడు

నా చిన్నప్పుడు మా పేటలో నిప్పుకి లొంగనిది ఒక్కటే ఉందని పిల్లా పెద్దా అందరం నమ్మేవాళ్ళం. అది గంగమ్మ గుడి ముందున్న రాతి మండపం. అలా నమ్మడంలో మా తప్పేమీ లేదు. కళింగపట్నానికి పక్కనే, వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో, ఇసక దిబ్బల వెనక మా పేట ఉండేది. నలభై యాభై ఇళ్ళు, అన్నిటికీ మట్టి గోడలు, తాటాకు కప్పులు. ఎండాకాలంలో పడమటి గాలి మొదలైతే ఆడవాళ్ళు తెల్లవారకముందే వంట ముగించి పొయ్యిలో నీళ్ళు చల్లేసేవాళ్ళు. అయినా రెండు మూడేళ్ళకోసారి ఎక్కడో ఒక ఇల్లు అంటుకునేది. కప్పు బూడిదయ్యేది, మళ్ళీ తాటాకు కొట్టుకొచ్చి నేసుకునేవాళ్ళం. మండపం మాత్రం చెక్కుచెదరకుండా ఉండేది.

ఆ మండపం మా అయ్య చలవే. వేటకెళ్ళిన ప్రతి నావా చేపల్లో ఒక వంతు గంగమ్మ పేరు మీద తీసి పెట్టేలా అందర్నీ ఒప్పించింది ఆయనే. పడమట కొండల దాకా బండ్లు కట్టుకుని వెళ్ళి రాయి తెచ్చిందీ ఆయనే. నాలుగు స్తంభాలు, వాటి మీద రాతి దూలాలు, పైన రాతి పలకలు. గోడలు లేవు. మధ్యాహ్నం పూట మగవాళ్ళు ఆ నీడన కూర్చుని వలలు బాగుచేసుకునేవాళ్ళు. దారిలో ఏదైనా విరుగుతుందేమోనని అయ్య ఐదో స్తంభం కూడా తెచ్చాడు. ఏదీ విరగలేదు. ఆ ఐదోది గుడి వెనక ఇసకలో పడి ఉండేది. మేం పిల్లలం దాన్ని గుర్రం చేసుకుని ఎక్కి కూర్చునేవాళ్ళం.

కొండ దగ్గర చూసిన వింతని అయ్య ఎన్నిసార్లు చెప్పేవాడో లెక్కలేదు. అక్కడి రాతిపనివాళ్ళు బండని ఉలితో తొలచరట. బండ మీద కట్టెలు పేర్చి పొద్దున్నించీ సన్నగా మంట పెడతారట. ఒకడు పక్కన కూర్చుని రాతి మీద తడుతూ చెవి ఒగ్గి వింటాడట. ఏదో ఒక ఝామున లోపల్నించి 'టప్' మని చప్పుడు వస్తుందట. అంతే, నాపరాయంత పలక బండ మీంచి లేచి వచ్చేస్తుందట. అయ్య ఆ 'టప్' అనేటప్పుడు నాలుక అంగిట్లో కొట్టి చూపించేవాడు, మేం కిలకిల నవ్వేవాళ్ళం. కథ విన్నవాళ్ళం మేమందరమూ, చెప్పినవాడు ఆయన. అందులో ఉన్న సంగతి మాత్రం ఒక్కరి బుర్రకీ ఎక్కలేదు. తెలియడం వేరు, తెలిసింది సమయానికి అక్కరకు రావడం వేరు అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది గానీ, అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

ఏటా ఎండలు ముదిరేసరికి మా పేటకి ఒక ముసలావిడ వచ్చేది. తిరగళ్ళూ రోళ్ళూ సన్నికళ్ళూ వాడగా వాడగా నున్నగా అరిగిపోతాయి కదా, అప్పుడు వాటి మీద ఉలితో సన్నటి గంట్లు పెట్టాలి. దాన్నే కక్కు కొట్టడం అంటారు. ఆవిడ పని అది. అసలు పేరు ఎవరికీ తెలియదు, అందరం కక్కులమ్మ అనేవాళ్ళం. ఎండిన చింతబరికెలా ఉండేది మనిషి. నెత్తి మీద గోనెసంచి, అందులో రెండు ఉలులు, పిడి అరిగిన చిన్న సుత్తి. కొండల దగ్గర రాతిపనివాళ్ళ ఇంటి పిల్లనని, పెనిమిటి పోయాక ఈ పని పట్టానని మా మామ్మతో చెప్పింది. ఇంటికింత గింజలో, ఎండుచేపలో పెడితే తీసుకునేది. ఎవరి అరుగు మీదా ఎక్కేది కాదు, ఎవరూ ఎక్కమనేవాళ్ళూ కాదు. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది.

ఆవిడ ఏ రాయి ముందు కూర్చున్నా మొదట సుత్తితో ఒక్కటి తట్టి, తల పక్కకి వాల్చి వినేది. ఆ తరవాతే ఉలి తీసేది. మా ఎదురింటి అత్త రోలుని అలాగే తట్టి, దీనికి కక్కు వద్దమ్మా, లోపల బీట ఉంది అని లేచిపోయింది ఒకసారి. రాయి లోపల ఏముందో ఈవిడకి గంగమ్మ చెప్పిందేమో అని అత్త మూతి మూడు వంకరలు తిప్పింది. నెల తిరక్కుండానే ఆ రోలు దంపుడుకి రెండు చెక్కలైంది. అత్త మాత్రం ఆవిడ దిష్టే తగిలిందంది. ఏం చేస్తాం, లోకం తీరు అది.

ఆ రోజు కక్కులమ్మ మా ఇంటి ముందు, చూరు నీడలో కూర్చుని తిరగలికి కక్కు కొడుతోంది. కింది రాయి అయిపోయింది, పై రాయి సగంలో ఉంది. నేను పక్కన చతికిలబడి రాతి పొడి ఊదుతున్నాను. పొద్దు నడినెత్తికి రాలేదు. వేట నుంచి వచ్చిన మగవాళ్ళు ఒడ్డున నావలు లాగిపెట్టి, కొందరు చుట్టలు, కొందరు కునుకులు. గాలి ఈడ్చి కొడుతోంది. పడమటి చివర్నుంచి ఒక్క కేక వినిపించింది. తల తిప్పి చూసేసరికి మూడు కప్పులు మండుతున్నాయి.

తాటాకు మంట ఎలా పోతుందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అది ఇంటి నుంచి ఇంటికి నడవదు, దూకుతుంది. అమ్మ చంటి తమ్ముణ్ణి చంకనేసుకుంది, నన్ను రెక్క పట్టి లాగింది. మామ్మ బియ్యం కుండ ఎత్తుకుంది. ఆ గందరగోళంలో అయ్య గొంతు పేటంతా వినబడింది. ఇళ్ళల్లో ఉన్న కొత్త వలలు, తెరచాపలు, మోకులు, అన్నీ మండపంలో పడెయ్యమని. రాయి కదా, అక్కడికి నిప్పు రాదు అని. ఆ మాట అందరికీ సబబుగా తోచింది. ఇల్లు పోతే తాటాకు దొరుకుతుంది, వల పోతే పొయ్యిలో పిల్లి లేవదు. మగవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతూ పేటలో ఉన్న వలలన్నీ మోసుకెళ్ళి మండపంలో నడుమెత్తు గుట్ట పోశారు.

అదే వేళకి ఇంకో చిత్రం జరిగింది. అందరూ వలలతో ఒక దిక్కుకి పరిగెడుతుంటే, కక్కులమ్మ మా తిరగలి రాళ్ళు రెండూ ఒకదాని తరవాత ఒకటి దొర్లించుకుంటూ ఇంకో దిక్కుకి, ఆరుబయటి ఇసకలోకి తీసుకుపోయింది. ఆ కంగారులోనూ మా మావ, అంటే అమ్మ తమ్ముడు, అది చూసి నవ్వాడు. రాయి కాలిపోద్దని ముసిల్దాని బెంగ అన్నాడు. నాకూ నవ్వొచ్చింది.

మేం నీటి ఒడ్డుకి పోయి నిలబడి చూశాం. చేపల షావుకారిది ఒక్కటే సిమెంటు రేకుల ఇల్లు. ఆ రేకులు దీపావళి టపాకాయల్లా పేలిపోయి ముక్కలు ఎగిరి మా ముందు ఇసకలో పడ్డాయి. గాలికి ఎగిరిన నిప్పులు మండపంలోకీ వచ్చాయి. నాలుగు వైపులా గోడ లేని మండపానికి నిప్పు రాదని ఎలా అనుకున్నారో! తారులాంటి కీలు పూసిన మోకులు ముందు అంటుకున్నాయి, తరవాత తెరచాపలు, ఆపైన వలలు. ఇళ్ళ కప్పులు గడియలో కాలి కూలిపోయాయి గానీ ఆ గుట్ట మాత్రం చాలాసేపు, స్తంభాల మధ్య కొలిమిలా మండింది. మంట తగ్గుముఖం పట్టగానే అయ్య బిందెలతో సముద్రపు నీళ్ళు తెప్పించి రాతి మీద పోయించాడు. పోసిన ప్రతిసారీ చుయ్యిమని ఆవిరి లేచేది, ఆవిరితో పాటు లోపలెక్కడో పుల్లలు విరిచినట్టు చప్పుడు. దూరంగా ఇసకలో కూర్చున్న కక్కులమ్మ ఆ చప్పుడు విన్నప్పుడల్లా కళ్ళు మూసుకోవడం నేను చూశాను. వద్దు, పొయ్యొద్దు అని రెండుసార్లు అరిచింది కూడా. ఆ హోరులో ఎవరికి వినబడుతుంది?

పొద్దు వాలేసరికి అంతా అయిపోయింది. అమ్మవారి దయ, ప్రాణాలు పోలేదు. పేటంతా మొండి గోడలు. మధ్యలో మండపం ఒక్కటే, ఒళ్ళంతా మసి పట్టి, నాలుగు కాళ్ళ మీద నిటారుగా నిలబడి ఉంది. వలలు పోయిన దుఃఖంలోనూ జనం దానికి దండాలు పెట్టారు. అంతలో వాయవ్యం నల్లబడింది. వైశాఖంలో వచ్చే గాలివాన ఎంతలో వచ్చి మీద పడుతుందో మాకు తెలుసు. తల దాచుకోవడానికి పేటలో మిగిలిన కప్పు అదొక్కటే. అయ్య బూడిద ఊడిపించి, ముసలివాళ్ళనీ పసిపిల్లల తల్లుల్నీ మండపంలో కూర్చోమన్నాడు. వలలు అక్కడ పెట్టమన్నది తనే. ఆ మాట ఎవరూ పైకి అనకపోయినా అందరి చూపుల్లోనూ ఉంది. కనీసం ఈ నీడైనా తన చేత్తో ఇస్తున్నానని ఆయనకి ఒక ఊరట. అమ్మ తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని ఒక స్తంభానికి దూరంగా, వేడి తగలకుండా కూర్చుంది. మామ్మ పక్కనే బియ్యం కుండ.

నేను కక్కులమ్మ వెంట పడ్డాను. ఆవిడ సుత్తి పట్టుకుని కాలిన ఇళ్ళ మధ్య తిరుగుతోంది. కనబడినదల్లా తడుతోంది, వింటోంది. మా ఇంటి మట్టి గోడని తట్టి సంతోషపడింది. నన్నూ తట్టి చూడమంది. నిన్నటిదాకా గోరుతో గీస్తే రాలే గోడ, కుండ పెంకులా గట్టిగా, ఎర్రగా అయింది. మట్టికి నిప్పు కొత్త కాదు, కుండా ఇటుకా అలాగే కదా పుట్టేవి అంది. కిందపడిన తాటి దూలాన్ని చూపించింది. పైనంతా నల్లటి బొగ్గు. ఉలితో గీకితే లోపల పచ్చిగా, చేవగా ఉంది. పైన కట్టిన బొగ్గే లోపలి చేవకి గొడుగు పట్టిందట. షావుకారు ఇంటి సున్నపు పూత పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది, కింద ఇటుక మాత్రం బాగానే ఉంది. కిటికీ ఇనప కడ్డీలు మండే వేడికి మెత్తబడి, పై బరువుకి వంగిపోయాయి. ఒక్కోదాని గురించీ చుట్టాల గుణగణాలు చెప్పినట్టు చెప్పింది. బడిలో అయ్యవారు ఏడాదంతా చెప్పిన పాఠాల్లో నాకు గుర్తున్నవి తక్కువ. ఆ అరగంటలో విన్నది ఒక్క ముక్క కూడా మరిచిపోలేదు.

చివరికి గుడి వెనక మా గుర్రం దగ్గరికి వచ్చాం. ఐదో స్తంభం. గుడి మాటున ఇసకలో ఉండడంతో దానికి సెగ తగల్లేదు. ఆవిడ సుత్తితో కొడితే ఖంగుమని గంటలా మోగింది. అక్కణ్ణుంచి మండపం దగ్గరికి వెళ్ళి, బయటే నిలబడి చెయ్యి చాపి, అదే సుత్తితో మొదటి స్తంభం మీద కొట్టింది. అది మోగలేదు. తడి గోనె మీద కొట్టినట్టు బొద్దుమంది. మసి రాలిన చోట రాయి బూడిద రంగు పోయి ఎర్రజీరలు తేలి ఉంది. అంచుల్లోంచి అరచేతంత పెచ్చు ఊడి కింద పడింది. కక్కులమ్మ గొంతు పెంచి, అందర్నీ బయటికి వచ్చెయ్యమంది. ఎవరూ కదల్లేదు. అయ్యకి ఒళ్ళు మండిపోయింది. నిప్పులో నిలబడిన రాయి గాలివానకి పడుతుందా అన్నాడు. గంట్లు పెట్టుకునేదానివి గంట్లు పెట్టుకో అన్నాడు. అప్పుడావిడ అయ్యతో వాదించలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, నాతో అన్నట్టుగానే అంది:

"రాయి కాల్దే గుంటా, సస్తాది. కాలిందేదైనా బూడిదయి కనబడతాది. సచ్చిన రాయి మాత్రం నిలబడే ఉంటాది."

తరవాత మండపంలో ఉన్న ఆడవాళ్ళ వైపు తిరిగి ఒకే ఒక్క మాట అడిగింది. "మీలో ఎవులైనా పొయ్యికి రాయెట్టుకున్నారేటమ్మా?"

ఆ ప్రశ్న తగలవలసిన చోట తగిలింది. మా పేటలో కొత్త కోడలికి మొట్టమొదట నేర్పే పని మట్టితో పొయ్యి వేయడం. ఒడ్డున ఎన్ని నల్లరాళ్ళు దొరికినా పొయ్యిలో పెట్టనిచ్చేవాళ్ళు కాదు. రాయి పేలి కూర కుండ పగులుతుంది, ముక్క కంట్లో పడుతుంది. ఆ సంగతి అక్కడ కూర్చున్న ప్రతి ఆడదానికీ తెలుసు. తెలిసే, చచ్చిన రాయి కింద పిల్లల్ని పడుకోబెట్టుకుని కూర్చున్నారు. మా మామ్మ నోరు మంచిది కాదు. నాకూ అదే వచ్చిందంటారు, నేను కాదనను. కానీ ఆవిడ బుర్ర మాత్రం చురుకు. ఒక్క క్షణం పైన ఉన్న పలకల వైపు చూసి, బియ్యం కుండ చంకలో పెట్టుకుని లేచింది. మామ్మ లేవడంతో అమ్మ లేచింది. చీరలు దులుపుకుంటూ అందరూ బయటికి వచ్చేశారు.

అయ్య ఒక్కడూ లోపలే ఉండిపోయాడు. అప్పటిదాకా నోరు కుట్టుకున్న జనం అప్పుడు నోళ్ళు తెరిచారు. మా మావ ముందుకొచ్చి, వలలన్నీ నీ మాట వినే కదా బావా తగలెట్టుకున్నాం, ఇప్పుడు పిల్లల్ని కూడా చంపబోయావు, బయటికి రా అని కేకలేశాడు. తలా ఒక మాట అన్నారు. అన్నకొద్దీ అయ్య ముఖం బిగుసుకుపోయింది. మధ్యలో కూర్చున్నవాడు కాస్తా వెళ్ళి, ఇంకా వెచ్చగా ఉన్న స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాడు.

"నాను తెచ్చిన రాయి, నాను నిలబెట్టిన రాయి. పడితే నా మీదే పడనీండి," అన్నాడు.

అమ్మ ఏడుస్తోంది. మా అయ్య చచ్చిపోతాడు అన్న మాట నా మనసులో మొదటిసారి పుట్టింది అప్పుడే. పరిగెత్తుకెళ్ళి చొక్కా పట్టుకుని లాక్కొచ్చేద్దామని కదిలాను. కక్కులమ్మ నా మణికట్టు పట్టుకుంది. రాతి పని చేసిన చెయ్యి, ఉడుంపట్టు. మా మావని నోరు ముయ్యమని సైగ చేసింది. ఆ ముసలావిడ సైగ చేస్తే మా పేట మగవాళ్ళు ఊరుకుంటారని ఆ ఉదయం ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. అందరూ ఊరుకున్నారు. ఆవిడ నా చెవిలో చెప్పిన మాట ఇది:

"కాగిన రాయి మీద నీళ్ళు పొయ్యకూడదమ్మా. దాని ఏడి అదే దిగాల. అందాకా మన పని మనం సేసుకోవాల."

అని, నిజంగానే పని మొదలుపెట్టింది. పొద్దున్న దొర్లించుకుపోయిన తిరగలి పై రాయిని మండపానికి ఇరవై అడుగుల దూరంలో, ఇసకలో వెల్లకిలా పెట్టుకుని, అయ్యకి వీపు చూపిస్తూ కూర్చుంది. ఉలి తీసి, పొద్దున్న ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచి గంట్లు పెట్టడం మొదలుపెట్టింది. టిక్కు, టిక్కు, టిక్కు. ఇళ్ళు కాలి కూర్చున్న పేటలో తిరగలికి కక్కు కొట్టే మనిషి. నన్ను పొడి ఊదమంది, ఊదాను. వాయవ్యంలో ఉరిమింది. ఆవిడ చెయ్యి తొందరపడలేదు. ఆవిడ గుండె ఎలా కొట్టుకుందో మాత్రం నాకు తెలుసు. పక్కనే ఉన్నాను కదా, మెడ దగ్గర నరం అదరడం కనబడింది.

ఎంతసేపు గడిచిందో చెప్పలేను. తొమ్మిదేళ్ళ పిల్లకి అది ఒక యుగం. ఒక వరస గంట్లు పూర్తయ్యాక ఆవిడ రాయిని తిప్పబోయి, తిప్పలేనట్టు ఆగింది. పొద్దున్న ఆ రాయినే నిప్పుల మధ్యనుంచి దొర్లించుకుపోయిన మనిషి! తల తిప్పకుండానే, మామూలు గొంతుతో అంది:

"ఒరే బాబూ, ఈ రాయి తిప్పలేకపోతన్నాను. ఓ సెయ్యెయ్యి."

పక్కనే మా మావ ఉన్నాడు, ఇంకా పదిమంది మగవాళ్ళున్నారు. మావ వంగబోతే ఆవిడ కళ్ళతోనే ఆపింది. అయ్య కదల్లేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. మా అయ్య ఎవరి బరువైనా చూస్తూ ఊరుకునే మనిషి కాదు. ఒడ్డుకొచ్చిన పరాయి నావకైనా ముందు భుజం ఆనించేది ఆయనే. ఆ అలవాటే ఆయన్ని లేపింది. స్తంభాన్ని వదిలి, నెమ్మదిగా నడిచి వచ్చి, వంగి రాయి తిప్పి పెట్టాడు. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

కక్కులమ్మ హమ్మయ్య అని కూడా అనలేదు. సుత్తి ఆయన చేతిలో పెట్టి, గుడి వెనక పడున్న ఐదో స్తంభాన్ని చూపించింది. అయ్య వెళ్ళి దాని మీద కొట్టాడు. ఖంగుమంది. అక్కణ్ణుంచి మండపం దగ్గరికి వచ్చాడు. బయటే నిలబడు బాబూ అని మాత్రం అందావిడ. ఆయన చెయ్యి చాపి కొట్టాడు. బొద్దుమంది. రెండో స్తంభం మీద కొట్టాడు, మూడోదాని మీద కొట్టాడు. ప్రతిసారీ ఆవిడలాగే తల పక్కకి వాల్చి విన్నాడు. మా అయ్య అలా వినడం నేనెప్పుడూ చూడలేదు. నాలుగో స్తంభం దగ్గర ఆయన చెయ్యి లేవలేదు. సుత్తి పట్టుకుని అలాగే నిలబడి, నాలుక అంగిట్లో కొట్టి, 'టప్' అన్నాడు. మాకు కథ చెప్పేటప్పటి చప్పుడు అది. ఆ రాయి కొండని వదిలి వచ్చిందే మంటతో అని ఆయనకి అప్పుడు తట్టింది. ఇసకలో కూలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. కక్కులమ్మ ఆయన పక్కన కూర్చుని, తిరగలి పొడి అంటిన చేతులు తుడుచుకుంటూ ఉంది.

వాన వచ్చేలోగా అయ్యే లేచి పని పురమాయించాడు. ఒడ్డున నావల్లో మిగిలిన రెండు తెరచాపలు, మోకులు తెప్పించి, మా ఇంటి కాలిన మట్టి గోడల మీద మసిబారిన తాటి దూలాలు వేయించి, వాటి మీద తెరచాపలు కప్పి మోకులతో బిగించాడు. అందరం అందులో ఇరుక్కుని కూర్చున్నాం. కక్కులమ్మ బయట చినుకుల్లో నిలబడి ఉంది. మా మామ్మే వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి, తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడ మా పేటలో ఒక ఇంటి గడప దాటడం అదే మొదలు. అప్పటికి ఆ ఇంటికి గడప కాలిపోయిందనుకోండి.

వాన జోరందుకున్న కాసేపటికి మండపం వైపు నుంచి చప్పుడు వచ్చింది. ముందు సన్నగా, తరవాత భూమి అదిరేలా. ఒక దూలం నడిమికి విరిగి, పలకలన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. అమ్మ ఇందాక తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చున్న చోటు, అయ్య వీపు ఆనించిన చోటు, రెండూ ఆ పలకల కిందే. అంతమందిమి ఉన్నాం, ఒక్కరూ నేను ముందే అన్నాను అనలేదు. మావ నోరు తెరవబోయాడు. కక్కులమ్మ వైపు ఒకసారి చూసి, అయ్యకి చుట్ట వెలిగించి ఇచ్చాడు.

తరవాత మండపం ఇటుకతో కట్టుకున్నారు. ఐదో స్తంభం గుడి ముందు దీపం పెట్టుకునే రాయిగా నిలబడింది, ఇప్పటికీ ఉంది. కక్కులమ్మ మరో నాలుగైదేళ్ళు వచ్చింది. ఆవిడ పేటలోకి అడుగుపెట్టిందని తెలిస్తే అయ్య ఎంత పనిలో ఉన్నా వదిలేసి వచ్చి, ఆవిడ వెంట ఇల్లిల్లూ తిరిగి, రాళ్ళు తిప్పి పెట్టేవాడు. ఒక ఏడాది ఆవిడ రాలేదు. ఆ మరుసటి ఏడాదీ రాలేదు. అయ్య కొండ వైపు వెళ్ళి వాకబు చేసి వచ్చాడు. ఆ సాయంత్రం ఐదో స్తంభం మీద ఆయనే దీపం పెట్టాడు.

ఇప్పుడు నాకు డెబ్భై దగ్గర పడుతోంది. శ్రీకాకుళంలో మా కోడలి వంటింట్లో గ్రానైటు గట్టుంది. స్టవ్వు మీంచి దించిన కుక్కర్ ఆ పిల్ల తిన్నగా దాని మీద పెట్టబోతే కింద గుడ్డ వేస్తాను. ఏటత్తా నీ సాదస్తం అని నవ్వుతుంది, నవ్వనీ. అది చిన్న సంగతి. ఆ రోజు నుంచి నాతో వస్తున్నది వేరే ఉంది.

నా పెళ్ళైన పదేళ్ళకి ఒక తుపానులో మా ఆయన నావ పోయింది. లంగరు తీసి ఏట్లోకి తెచ్చుకోమని అందరూ చెబుతున్నా వినకుండా, ఏమీ కాదని సముద్రపు ఒడ్డునే ఉంచిన మనిషి. తెల్లారి చూస్తే చెక్కలు మిగిలాయి. ఆయన ఆ చెక్కల మధ్య కూర్చుని, ఎవరు పిలిచినా లేవలేదు, అన్నం ముట్టలేదు. వచ్చినవాళ్ళంతా చెప్పామా లేదా అంటున్నారు. నా నోటి చివరికీ అదే మాట వచ్చింది. మా మామ్మ నోరు కదా. మింగేశాను. ఇంట్లోంచి చిరిగిన వల ఒకటి తెచ్చుకుని, ఆయనకి కాస్త దూరంలో, వీపు చూపిస్తూ కూర్చుని అల్లడం మొదలుపెట్టాను. పొద్దు పడమటికి తిరిగింది. ఒంటి చేత్తో వల లాగి పట్టుకోవడం నాకు చేతకాక కాదు. అయినా తల తిప్పకుండానే, ఈ కొస కాస్త పట్టుకో అన్నాను.

చాలాసేపటికి, ఇసకలో అడుగుల చప్పుడు వినబడింది.